ఉప్పుగాలిలో ఇంటి తోట

ఇంటి తోటల గురించి తెలుగులో ఇప్పుడు సలహాలకు కొదవ లేదు. పత్రికల్లో శీర్షికలున్నాయి, పుస్తకాలున్నాయి, యూట్యూబ్‌లో రోజుకొక వీడియో వస్తోంది. వాటిని వరసపెట్టి చదివి, చూసి, భీమిలి నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఇళ్ల వాకిళ్లలో పెరుగుతున్న మొక్కలతో పోల్చుకుంటే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ సలహాల్లో చాలావరకు సముద్రానికి దూరంగా పుట్టినవి. ఎర్రమట్టి, పొడిగాలి, చప్పటి నీరు ఉన్నచోట పనిచేసిన పద్ధతులవి. వాటిని ఉన్నవున్నట్టు తెచ్చి చీరాల ఇసుకలోనో, మచిలీపట్నం చౌడులోనో, విశాఖలో బీచ్‌కి ఎదురుగా ఉన్న ఏడో అంతస్తు బాల్కనీలోనో పెడితే మొక్క ఎందుకు మాడిందో అంతుపట్టదు. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో బకెట్ పోస్తారు. బలం చాల్లేదేమోనని ఇంకో గుప్పెడు ఎరువు వేస్తారు. పోసిన నీళ్లే ఉప్పనివైతే ఆ రెండూ జబ్బును పెంచుతాయి.

తీరంలో తోట వేసేవాళ్లు నర్సరీకి వెళ్లేముందు తేల్చుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. మన నీళ్లలో ఉప్పెంత, గాలి ఎటువైపు నుంచి తగులుతుంది, కాలికింద ఉన్నది ఏ రకం నేల. ఇవి తేలితే కొనాలనుకున్న మొక్కల్లో సగం వాటంతటవే జాబితా నుంచి తప్పుకుంటాయి. మిగిలిన సగం పదేళ్లు బతుకుతాయి. ఈ విషయంలో మన విశ్వవిద్యాలయాలు ఏం చెప్పాయి, మిద్దెతోటల ఉద్యమం ఏం చేసింది, పాత పెరడు ఎలా నడిచింది, ఇప్పటి లాండ్‌స్కేపింగ్ ఎటు తీసుకెళుతోంది అన్నవి ఒకచోట పెట్టి బేరీజు వేయడం ఈ వ్యాసం పని.

ముందు నేల సంగతి. కోస్తా అంటే ఒకే నేల అనుకుంటాం గానీ వంద కిలోమీటర్లకొకసారి అది మారిపోతుంది. విశాఖ, భీమిలి వైపు కొండవాలు ఎర్ర నేలలు. నీరు నిలవదు, వాన జోరుకి మట్టి కోసుకుపోతుంది. కోనసీమ గోదావరి ఒండ్రు. ఏం వేసినా వస్తుందన్న పేరు దానికి ఊరికే రాలేదు. కృష్ణా డెల్టా అంచుకి, దివిసీమ, మచిలీపట్నం వైపు వెళితే బరువైన నల్లమట్టి. వానాకాలం వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. బాపట్ల, చీరాల దాటి ఒంగోలు, కావలి దాకా సముద్రం పక్కన తెల్ల ఇసుక. అక్కడ బిందెడు నీళ్లు పోస్తే చూస్తుండగానే ఇంకిపోతాయి, వాటితోపాటు వేసిన ఎరువూ పోతుంది. ఒకే పుస్తకంలోని ఒకే మట్టి మిశ్రమం ఈ నాలుగు చోట్లా ఎలా పనికొస్తుంది? మచిలీపట్నంలో మొక్కను మట్టం కంటే జానెడు ఎత్తు మెట్ట మీద నాటాలి. చీరాలలో మట్టం కంటే నాలుగు వేళ్లు లోతుగా, పాదు చేసి నాటాలి. మన సలహాదారులు ఈ తేడాను పట్టించుకున్న సందర్భాలు తక్కువ.

ఇక నీరు. నా దృష్టిలో మొత్తం ప్రశ్నకు ఇదే ముడి. ఇసుక తీరంలో భూమిలోకి ఇంకిన వాననీరు కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. భూగర్భ జలశాస్త్రం లెక్క ప్రకారం మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు పైన ఉంటే దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉంటుంది. ఆ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. బోరు వేసి పైమట్టాన్ని ఒక మీటరు దించితే కింది నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి ఎగబాకడానికి దారి ఇచ్చినట్టే. ఉప్పునీరు పడిందని బోరును ఇంకా లోతుకు దింపడం తీరంలో చాలామంది చేసే పని. లోతుకు వెళ్లేకొద్దీ ఉప్పుకే దగ్గరవుతాం.

ఈ సంగతి బాపట్ల ప్రాంతపు రైతులకు ఏ శాస్త్రవేత్తా చెప్పకముందే తెలుసు. వాళ్ల దొరువులు చూడండి. ఇసుకలో వాలుగా తవ్విన గుంట అది. పక్కల మీంచి నడిచి దిగేంత వాలు ఉంటుంది. అడుగున మోకాలి లోతు నీరు, అంతే. మనిషి రెండు చేతులతో రెండు కుండలు పట్టుకుని దిగుతాడు, ముంచుకుంటాడు, ఎక్కి వచ్చి నారుమళ్ల మీద, పూలమొక్కల మీద జల్లుకుంటూ పోతాడు. సాయంత్రానికి గుంట అడుగంటితే ఆ రోజుకు పని ఆపేస్తాడు. తెల్లారేసరికి పక్కల ఇసుకలోంచి మంచినీరు మళ్లీ ఊరి ఉంటుంది. పైపొరను మాత్రమే తీసుకునే పద్ధతి కాబట్టి ఉప్పు కదలదు. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన పథకం శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే తీసుకుని, ఇసుకలో చిల్లుల గొట్టాలు పరిచి, వాటి నీటిని నడుమనున్న ఒక బావిలోకి చేర్చి, చిన్న మోటారుతో తోడే మెరుగైన దొరువును తయారుచేశారు. తీర నేలల మీద మన దగ్గర జరిగిన పరిశోధనల్లో ఇంత సొగసైనది నాకు ఇంకొకటి కనపడలేదు. కానీ అది పొలం దగ్గరే ఆగిపోయింది. ఇసుక నేలలో ఇల్లు కట్టుకునేవాళ్లలో ఎంతమందికి ఈ మాట తెలుసు? పది అడుగుల చిన్న బావితో తోట మొత్తం బతికే చోట రెండు వందల అడుగుల బోరు వేసి ఉప్పు తెచ్చుకుంటున్నారు.

నీటిలో ఉప్పు కొలవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. తాగునీటి కోసం వాడే టీడీఎస్ మీటరు చాలు. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ మొక్కకైనా నిశ్చింతగా పోయవచ్చు. 450 నుంచి 2,000 మధ్య ఉంటే మొక్కను చూసి పోయాలి. 2,000 దాటితే తట్టుకునే మొక్కలు తప్ప వేరేవి పెట్టుకోకపోవడమే మంచిది. వేసవి చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి కొలవాలి. ఒకే బావిలో ఈ రెండు అంకెలకూ పొంతన ఉండకపోవచ్చు.

ఉప్పు దెబ్బ ఎలా ఉంటుందో గుర్తుపట్టడం అవసరం. నీటి ఎద్దడి అయితే ఆకు మొత్తం వాలిపోతుంది, నీళ్లు పోస్తే లేస్తుంది. ఉప్పు దెబ్బ అయితే ముదురాకు కొసన మొదలై అంచుల వెంట గోధుమరంగు గీతలా లోపలికి పాకుతుంది. నడుము పచ్చగానే ఉంటుంది. మామిడి ఆకు మీద ఇది అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు రోజూ కొంచెం కొంచెం నీళ్లు చల్లడం అన్నిటికంటే చెడ్డది. నీరు ఆవిరై ఉప్పు వేళ్ల చుట్టూ పేరుకుపోతుంది. నీరు కిందికి దిగే నేల అయితే మూడు నాలుగు రోజులకొకసారి పాదు నిండా పోసి, ఉప్పును వేళ్ల కిందికి తోసేయాలి. గాలితో వచ్చే ఉప్పు సంగతి వేరు. తుఫాను గాలి తగ్గిన మర్నాడు పైన వాన పడకపోతే మంచినీళ్లతో ఆకులు కడగాలి. ఈ చిన్న పనికి బద్ధకించి ఎన్నో మొక్కలు పోగొట్టుకుంటారు.

ఉప్పును ఓర్చుకునే మొక్కల పట్టిక మనకు పెద్దదే. చెట్లలో కొబ్బరి, తాటి, పొన్న, గంగరావి, కానుగ, జీడిమామిడి, సపోటా. పూలలో గన్నేరు, కాగితం పువ్వు, దేవగన్నేరు. కూరల్లో పాలకూర, గంగపాయల కూర. వీటికి సముద్రం ఇల్లే. జామ, దానిమ్మ కొంతవరకు సర్దుకుంటాయి. నిమ్మజాతి, గులాబీ, బీన్స్ ఉప్పును అసలు ఓర్వవు. అరటి కూడా ఓర్వదు. కోనసీమలో అరటి అంత బాగా రావడానికి కారణం గోదావరి కాలువ నీరు, సముద్రపు దయ కాదు. కొబ్బరి ఉప్పును ఓర్చుకుంటుందన్న మాటకూ ఒక హద్దు ఉంది. వేళ్ల దగ్గర ఉప్పునీరు నిలిస్తే కొబ్బరి కూడా చస్తుంది. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు నీరు ఎగదన్ని కొబ్బరి తోటలు మోళ్లైపోయిన తీరు ఇటీవల రాష్ట్రమంతా చూసింది. ఊరి మురుగుకాలువ పూడిపోతే ఇంటి పెరట్లో ఎన్ని జాగ్రత్తలు పడ్డా ప్రయోజనం ఉండదు. పక్కన రొయ్యల చెరువు తవ్వినా అంతే. ఇంటి తోట ప్రశ్న ఇంటి ప్రహరీ దగ్గర ఆగేది కాదని నేను గట్టిగా అనడానికి ఇదే కారణం.

నేలను బాగుచేసే విషయంలో పుస్తకాలన్నీ జిప్సం వేయమంటాయి. ఇక్కడ ఒక తేడా తెలియాలి. పైన తెల్లగా ఉప్పు పూసే పాలచౌడుకు కావలసింది మంచినీరు, మురుగు పోయే దారి. వానాకాలం గట్టు కట్టి నీరు నిలిపి, కిందికి దింపి, కాలువలోకి వదిలితే ఉప్పు కరిగి పోతుంది. వానకు జారుడుగా, ఎండకు రాయిలా అయ్యే కారుచౌడుకు మాత్రమే జిప్సం పనిచేస్తుంది. దానిలో సోడియం మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది కాబట్టి జిప్సంలోని కాల్షియం వచ్చి దాన్ని తప్పించాలి. మట్టి పరీక్షలో ఉదజని సూచిక 8.5 దాటితే కారుచౌడు అని అనుమానించాలి. పరీక్ష చేయించకుండా సంచులకొద్దీ జిప్సం చల్లడం డబ్బు నేలపాలు చేయడమే. రెండు రకాల చౌడులోనూ జీలుగ పెరుగుతుంది. ఖాళీ స్థలంలో జూన్‌లో జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నేసే పొలం పద్ధతి రెండు సెంట్ల పెరట్లో పారతో కూడా చేసుకోవచ్చు.

ఇసుకకు మందు వేరు. చెరువు మట్టి, పశువుల ఎరువు, ఆకు చెత్త. ఎన్ని వేసినా ఇసుక మింగేస్తుందని విసుక్కుంటారు గానీ, ఏటా వేయాల్సిందే. వేడి తీరంలో సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. కొబ్బరి చెట్టు ఉన్న ఇంటికి ఇంకో సదుపాయం ఉంది. చెట్టు చుట్టూ, ఆరడుగుల దూరంలో, మూరెడు లోతు కందకం తీసి కొబ్బరి డొక్కలను లోపలి గుంట పైకి ఉండేలా పేర్చి మట్టి కప్పితే అవి వాననీటిని పట్టి ఉంచుతాయి. కొన్నేళ్లపాటు పనిచేస్తాయి. కోనసీమ వాకిళ్లలో వీటిని మాత్రం పొయ్యిలోకి పంపుతారు. కొబ్బరి పొట్టు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండకుండా కుండీల్లో నింపితే ఉప్పు తగ్గించుకోవాలని పడ్డ పాటంతా వృథా.

గాలి విషయానికి వస్తే తీరవాసులకు తుఫానుల తారీఖులు చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ. 1996 నవంబర్ 6న కోనసీమ, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద హుద్‌హుద్, గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో. ఆ మర్నాడు విశాఖ వీధుల్లో పడి ఉన్న చెట్లను చూసినవాళ్లకు ఒకటి అర్థమైంది. తురాయి, పచ్చతురాయి, ఆస్ట్రేలియా తుమ్మ వంటి త్వరగా ఎదిగే నీడ చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. గోతి చూస్తే వేరు పళ్లెంలా పైపైనే పరుచుకుని ఉంది. చాలాచోట్ల మొదలు చుట్టూ కాంక్రీటు, కేబుల్ గుంతల కోసం ఒకవైపు వేళ్లు నరికిన గుర్తులు. చెట్టు జాతి ఎంత కారణమో, దాని మొదట్లో మనం చేసిన పనీ అంతే కారణం.

అందుకే తీరంలో చెట్టు పెట్టేవాళ్లు వేరుకు చోటివ్వాలి. ప్రహరీకి మూడడుగుల్లో వేప పెట్టి తర్వాత ఒకవైపు వేళ్లు కోసే బదులు, అక్కడ కరివేపాకో నందివర్ధనమో పెట్టుకుంటే సరిపోతుంది. గాలి వచ్చే వైపు నిలువు గోడ కంటే మొక్కల వరస మేలు. గోడను కొట్టిన గాలి పైకెగిరి అవతల సుడి తిరుగుతూ దిగుతుంది, కంచె గాలిని జల్లెడ పట్టి వదులుతుంది. తీర గ్రామాల్లో సరుగుడు వరసలు, మొగలి పొదలు చేసే పని ఇదే. ఊరు మొత్తానికి ఈ పని చేసేది ఇసుక దిబ్బలు. వాటిని పట్టి ఉంచేది మేక గిట్టలాంటి ఆకులతో పాకే ఊదాపూల తీగ, పిల్లలు ఇసుకలో గాలికి పరుగెత్తించి ఆడుకునే రావణాసురుడి మీసాల గడ్డి. రిసార్టుల వాళ్లు వీటిని కలుపు కింద పీకించి ఆ చోట పచ్చిక పరుస్తుంటే నాకు బాధ కలుగుతుంది. దిబ్బ కదిలిపోయాక వెనకున్న తోటలన్నీ ఉప్పుగాలికి ఎదురు నిలవాలి.

తుఫాను నెలలకు ముందు, అంటే సెప్టెంబర్ చివరికల్లా చెట్లను పలుచన చేయాలి. తల నరకడం కాదు. తల నరికితే పక్కల నుంచి బలహీనమైన కొమ్మలు గుత్తులుగా వచ్చి మరుసటి ఏడాది గాలికి విరుగుతాయి. లోపలి అడ్డకొమ్మలు, ఎండుకొమ్మలు తీసి గాలికి దారి ఇవ్వాలి. కొబ్బరికి ఎండు మట్టలు, ముదురు గెలలు దింపించాలి. గెల వేసిన అరటికి పోటు పెట్టాలి. మునగ ఎలాగూ విరుగుతుంది. విరిగాక మోకాలెత్తున కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఇప్పుడు పద్ధతుల బేరీజు. కొత్తగా వస్తున్న గేటెడ్ కాలనీల్లో, విల్లాల్లో తోట అంటే పచ్చిక. దీని లెక్క ఒకసారి చూడండి. తీరంలో వేసవి రోజున పచ్చికకు దాదాపు ఐదు మిల్లీమీటర్ల నీరు కావాలి. చదరపు మీటరుకు మిల్లీమీటరు అంటే లీటరు. వంద గజాల పచ్చిక 84 చదరపు మీటర్లు, రోజుకు 420 లీటర్లు. ఇంట్లో నలుగురు వాడుకునే నీళ్లలో పెద్ద వాటా అది. ఆ నీళ్లు బోరువైతే ఉప్పు పైకి వస్తుంది, ట్యాంకరువైతే ఇంకెవరి బోరో ఉప్పుబారుతుంది. నడిచే చోటు పచ్చగా కావాలనుకుంటే మన గరిక ఉంది. ఉప్పుకు ఓర్చుతుంది, ఎండకు మాడినట్టు కనపడినా తొలి వానకు లేస్తుంది. కొరియన్ గడ్డి చాపలు కొని పరిచేవాళ్లు గరికను కలుపని మందు కొట్టి చంపడం చూస్తాం. చిన్న స్థలాల్లో పచ్చిక అక్కర్లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. అదే వంద గజాల డాబా మీద ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్ల వాన పడే విశాఖలో, ఐదో వంతు పోయినా 65 వేల లీటర్ల పైచిలుకు నీరు పట్టవచ్చు. ఇంకుడుగుంత ద్వారా ఆ నీరు భూమిలోకి వెళితే ఉప్పును కిందికి నొక్కి ఉంచే బరువు అదే.

మిద్దెతోటల ఉద్యమం గురించి గౌరవంగానే మాట్లాడాలి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాద్‌లో తన మిద్దె మీద పండించి, దాని గురించి రాసి, తెలుగునాట వేలాది మందిని కదిలించారు. కూరగాయ కొనుక్కునే వస్తువన్న అలవాటును తిరగతిప్పిన పని అది. కోస్తా వాళ్లు ఆ స్ఫూర్తిని తీసుకుంటూ మూడు తేడాలు గమనించుకోవాలి. మొదటిది గాలి. దక్కను మిద్దె మీద నిలిచే తీగపందిరి విశాఖ మిద్దె మీద అక్టోబర్‌లో ఎగిరిపోయి పక్కింటి అద్దాలు పగలగొట్టవచ్చు. పందిరిని తుఫాను హెచ్చరిక రాగానే విప్పే వీలుండాలి. రెండోది బరువు. తడిసిన మట్టి అడుగు మందం పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. మామూలు ఇంటి పైకప్పును సాధారణంగా మనుషుల రాకపోకలకు లెక్కించేది 150 కిలోలకు. బరువైన మడులు దూలాల మీదే ఉండాలి, స్లాబు నడుమ కాదు. మూడోది తుప్పు. ఉప్పుగాలి తగిలే స్లాబులో ఇనుము ముందే తుప్పుకు లోకువ. దాని మీద కుండీల తడి నిత్యం నిలిస్తే నాలుగైదేళ్లలో కింద గదిలో పెచ్చులు రాలుతాయి. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టి అడుగున గాలి ఆడేలా చూడాలి. పళ్లేల్లో నీరు నిలిచి దోమలు పెరగకుండా ఉండటానికీ అదే దారి.

పాత పెరడు గురించి రాసేవాళ్లు దాన్ని స్వర్గంలా వర్ణిస్తారు. దానిలో తెలివి చాలానే ఉంది. పైన కొబ్బరి, దాని నీడలో అరటి, అరటి పక్కన కంద, చేమ, గట్టున బచ్చలి, కంచె మీద దొండ పాదు. కంద, బచ్చలి కలిసి కూరయ్యేది ఎందుకంటే అవి పెరట్లో పక్కపక్కనే ఉండేవి. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర కంద దురద లేకుండా ఉండి ఈ పొరల సేద్యానికి ఇంకా బాగా కుదిరింది. కానీ ఆ పెరడును నడిపింది ఇంటి ఆడవాళ్ల చాకిరీ. చేదుడు, మోత, గొప్పు తవ్వడం, అన్నీ వంటపని మధ్యలోనే. ఆ శ్రమను లెక్కలోకి తీసుకోకుండా పెరడును తిరిగి తెద్దామనడం న్యాయం కాదు. ఇంకో తేడా కూడా ఉంది. అప్పటి అంట్ల నీళ్లలో బూడిద, తలంటు నీళ్లలో కుంకుడు. ఇప్పటి వాషింగ్ మెషిన్ నీళ్లలో డిటర్జెంటు, దానిలో సోడియం. ఆ నీళ్లు అరటి మొదట్లోకి వదిలితే పెరట్లో మనమే చౌడు తయారు చేసుకుంటాం. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మాత్రం నిశ్చింతగా పోయవచ్చు.

తెగుళ్లలో ఒక్కదాని మీద ఆగుతాను, ఎందుకంటే ఇప్పుడు తీరంలో అది లేని వీధి అరుదు. జామ ఆకునో కొబ్బరి ఆకునో తిప్పి చూడండి. తెల్లటి మైనపు చుక్కలు సుడి తిరిగినట్టు వలయాలుగా ఉంటాయి, వాటి మీద దూది పింజల్లాంటి పోగులు. వేలితో తాకితే జిగురు. ఆ జిగురు కింది ఆకుల మీద, మెట్ల మీద, నిలిపిన బండి మీద కారి, దాని మీద మసి పట్టినట్టు నల్లటి బూజు పెరుగుతుంది. ఇది సర్పిలాకార తెల్లదోమ. 2016లో పొల్లాచ్చి దగ్గర మన దేశంలో తొలిసారి గుర్తించారు. అక్కడి నుంచి మొక్కల రవాణాతో కడియం చేరి, గోదావరి జిల్లాల కొబ్బరి మీద పడింది. చూడగానే మందు కొట్టాలనిపిస్తుంది. అదే పొరపాటు. దీన్ని అదుపులో పెట్టేది ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని పరాన్నజీవి. రసాయనం కొడితే ముందు చచ్చేది అదే, తెల్లదోమ మైనం కింద దాక్కుని మళ్లీ లేస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా అనే శిలీంధ్రాన్నీ, డైకోక్రైసా అనే మిత్రపురుగునూ పెంచి రైతులకు అందించింది. ఇంటి స్థాయిలో పైపుతో ఆకుల అడుగున జోరుగా నీళ్లు కొట్టడం, సబ్బు కలిపిన వేపనూనె చల్లడం, పసుపు జిగురు అట్టలు కట్టడం చాలు. ఓపిక పట్టాలి. వానలు పడ్డాక దానంతటది చాలావరకు తగ్గుతుంది.

పంచాంగం దగ్గర కూడా తీరం రెండుగా చీలుతుంది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో మృగశిర కార్తెకు, అంటే జూన్ రెండో వారానికి విత్తనం పడుతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. అక్కడ జూన్‌లో నాటిన చెట్టు నాలుగు నెలలు బకెట్‌తో బతకాలి. అక్టోబర్ మొదట్లో నాటితే వానే పెంచుతుంది. పాదు చిక్కుడు ఎప్పుడు వేసినా పగలు పొట్టివయ్యే చలికాలంలోనే పూస్తుంది కాబట్టి దానికి తొందర లేదు. మల్లెకు సంక్రాంతి ప్రాంతంలో నీళ్లు ఆపి, కత్తిరించి, ఆకు దూసి, గొప్పు తవ్వి ఎరువు వేస్తే వేసవంతా విరగబూస్తుంది.

చివరిగా నర్సరీల మాట. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్లలో గోదావరి ఒండ్రు మీద పెరిగిన మొక్కలు దేశమంతటికీ వెళతాయి. ఆ ఊళ్ల పనివాళ్ల చేతి నైపుణ్యం మన గర్వకారణం. కొనేవాడికి మాత్రం అక్కడ అందాల్సిన సమాచారం అందడం లేదు. "సముద్రం పక్కన బతుకుద్దాండీ?" అని అడిగితే "నీళ్లు పోసుకుంటే ఎక్కడైనా బతుకుద్దండీ" అనే జవాబు వస్తుంది. ఆ మొక్క వేరు చుట్టూ ఉన్నది బిగుసుకున్న ఒండ్రు మట్టి ముద్ద. దాన్ని అలాగే ఇసుకలో పాతితే పోసిన నీరు ముద్ద చుట్టూ జారి ఇసుకలోకి పోతుంది, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. నెల తిరక్కుండా మొక్క ఎండుతుంది. నాటేముందు ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టి వదులు చేసి, సంచిలో చుట్టలు తిరిగిన వేళ్లు ఉంటే విడదీసి, గోతిలో రెండు మట్టులనూ కలిపి నాటాలి. పెద్ద మొక్క కొనాలన్న ఆశ తీరంలో పనికిరాదు. మూడడుగుల మొక్క కొత్త నేలలో వేరు దించుకుని, పదడుగుల మొక్క కంటే ముందు గాలికి నిలదొక్కుకుంటుంది.

నర్సరీలూ ప్రభుత్వ శాఖలూ కలిసి ఊరూరా నాటిన కోనోకార్పస్ సంగతి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. ఉప్పు ఓర్చుతుంది, నీళ్లు అడగదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందన్న పేరుతో అది వచ్చింది. పుప్పొడితో ఎలర్జీలు, మురుగు గొట్టాల్లోకి దూరే వేళ్లు అన్న ఫిర్యాదులు వచ్చాక తెలంగాణ 2022లో నాటడం ఆపింది, గుజరాత్ 2023లో నిషేధించింది. ఉన్నవాటిని ఒక్కరోజున నరికేసి డివైడర్లను ఎండకు వదిలేయడం నాకు సమ్మతం కాదు. పక్కన గంగరావి, కానుగ, పొన్న నాటి, అవి ఎదిగే కొద్దీ వీటిని వరసగా తీసేయాలి. ఆ మూడూ ఈ తీరంలోనివే. పొన్న ఆకు మందంగా, నునుపుగా ఉండి ఉప్పు జల్లును నిలవనీయదు. గంగరావి కొమ్మ పాతినా వేరు పడుతుంది. కానుగ నీడ విశాఖ వీధులకు కొత్తేమీ కాదు. అయినా పొన్న మొక్క కావాలని అడిగితే వరసగా నాలుగైదు నర్సరీలు లేదంటాయి. అడిగేవాళ్లు లేరని వాళ్లు పెంచరు, దొరకదని మనం అడగం. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ శాఖ నర్సరీలు, తీర పట్టణాల మున్సిపాలిటీలు కలిసి ముందు పాతిక రకాల తీర మొక్కలను పెంచి, ఒక్కో సంచికి చీటీ కట్టి అమ్మించవచ్చు. ఎంత టీడీఎస్ దాకా ఓర్చుతుంది, ప్రహరీకి ఎన్ని అడుగుల దూరంలో నాటాలి, ఏ నెలలో నాటాలి, ఎంత ఎత్తు పెరుగుతుంది అన్న నాలుగు వివరాలు ఆ చీటీ మీద ఉంటే చాలు.